మూత్రపిండంలో రాయి: వెన్నుకు మత్తా, ఒళ్ళంతా మత్తా?

ఏప్రిల్ నెల వచ్చేసరికి నూజివీడు చుట్టుపక్కల మామిడితోటల్లో తెల్లవారకముందే మనుషుల అలికిడి మొదలవుతుంది. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు ఒకదాని వెంట ఒకటి కోతకు వస్తాయి. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు దారులన్నీ కాయల బండ్లతో నిండిపోతాయి. దోటికి చిక్కం కట్టి కాయ కోసే మనిషికి చెట్టు నీడ ఉంటుంది గాని, ఆ నీడలోకి వీచేది వడగాలే. నీళ్ళకుండ ఎక్కడో గట్టు మీద ఉంటుంది. మాటిమాటికీ చెట్టు దిగిపోయి తాగి వస్తే పని సాగదు. మధ్యాహ్నానికి ఒంటిలోని నీరు చెమటగా పోతుంది. మూత్రం కొద్దిగా, పచ్చగా, మంటగా వస్తుంది.

పటికబెల్లం ఎట్లా తయారవుతుందో విద్యార్థులకు తెలిసినదే. చిక్కని పంచదార పాకంలో దారం వేలాడదీసి ఉంచితే, కరిగి ఉండలేని పంచదార దారాన్ని పట్టుకొని స్ఫటికాలుగా పేరుకుంటుంది. మూత్రపిండంలో రాయి పుట్టడం కూడా ఈ సూత్రం మీదనే జరుగుతుంది. మూత్రంలో కాల్షియం, ఆక్సలేటు, యూరిక్ ఆమ్లం వంటి పదార్థాలు కరిగి ఉంటాయి. నీరు తగ్గి మూత్రం అతిసంతృప్త ద్రావణమైనప్పుడు ఇవి స్ఫటికాలై, ఒకదానికొకటి అంటుకొని, ఇసుకరేణువంతటివి కందిగింజంత, కుంకుడుగింజంత అవుతాయి. రాళ్ళలో అధిక భాగం కాల్షియం ఆక్సలేటు రాళ్ళు. టమాటా గింజలే రాళ్ళవుతాయని పల్లెల్లో గట్టి నమ్మకం ఒకటి ఉన్నది. పాపం, టమాటాలో ఆక్సలేటు పాలకూరలో ఉన్నదానితో పోలిస్తే లెక్కలోనిది కాదు.

అయిదు మిల్లీమీటర్ల లోపు రాయి చాలా వరకు తనంత తానే మూత్రంతో జారిపోతుంది. అంతకు మించినది మూత్రనాళంలో ఇరుక్కుంటే నడుము పక్కనుంచి గజ్జల దాకా మెలిపెట్టే నొప్పి వస్తుంది. ఆ నొప్పి పడినవారికి దానిని వర్ణించి చెప్పనక్కరలేదు. పూర్వం ఇటువంటి రాయి తీయాలంటే పక్కను కోసి మూత్రపిండాన్ని తెరవవలసి వచ్చేది. 1976లో స్వీడనులో ఫెర్న్‌స్ట్రోమ్, యోహన్‌సన్ అనే వైద్యులు వీపు మీద చిన్న రంధ్రం చేసి, దాని గుండా గొట్టం పంపి రాయిని బయటికి తీసే పద్ధతిని ప్రకటించారు. 1980లో మ్యూనిక్ నగరంలో శరీరాన్ని కోయకుండానే బయటినుంచి అఘాత తరంగాలు పంపి రాయిని పగలగొట్టారు. మూత్రమార్గం గుండానే సన్నని దూరదర్శక నాళిక పంపి లేజరు కిరణంతో రాయిని పొడి చేయడం ఈనాడు సర్వసాధారణమైపోయినది. కోత చిన్నదయినది, కొన్నిటిలో కోతే లేదు. అయినా నొప్పి తెలియకుండా చేయడమనే సమస్య మాత్రం పోలేదు. ఆ పని రెండు విధాల చేయవచ్చు: వెన్నులో సూది వేసి నడుము కింది భాగాన్ని మాత్రం మొద్దుబరచడం ఒకటి, రోగిని పూర్తిగా నిద్రపుచ్చడం రెండవది.

నూజివీడు ప్రాంతపు రోగి విజయవాడలోని ఏ ఆసుపత్రికో చేరేసరికి ఈ రెంటిని గురించీ ఊరివాళ్ళు చెప్పిన మాటలు చెవిలో మోగుతూ ఉంటాయి. "వెన్నులో సూదేస్తే నడుం పోద్దంట గదండీ, మళ్ళీ గంప ఎత్తలేనంట గదా" అని ఒకడు అడుగుతాడు. "పూర్తి మత్తిస్తే లేస్తానో లేవనో, ఇంట్లో పిల్లలున్నారండీ" అని మరొకడు. మొదటివాడి బ్రతుకుతెరువు అతని నడుము మీదనే ఉన్నది. రెండవవాడి మీద ఒక కుటుంబం ఆధారపడి ఉన్నది. కాబట్టి ఈ ప్రశ్నలను నవ్వి తోసివేయడానికి వీలులేదు. జవాబు చెప్పాలంటే ఆ రెండు మత్తులూ ఎట్లా పనిచేస్తాయో ముందు తెలియాలి.

మత్తుమందుల చరిత్రలో తెలుగుదేశానికి ఒక విశేషమైన స్థానం ఉన్నది. 1846 అక్టోబరు 16న బోస్టను నగరంలో మోర్టన్ ఈథరుతో రోగిని నిద్రపుచ్చి చూపించాడు. మరుసటి సంవత్సరమే ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును ప్రవేశపెట్టాడు. క్లోరోఫారము సుఖమైన మందే గాని, అప్పుడప్పుడు బల్లమీదనే రోగి ప్రాణం పోయేది. ముందు ఆగేది గుండెయా, ఊపిరియా అని వైద్యులలో పెద్ద తగవు బయలుదేరినది. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగాను, వైద్యపాఠశాలకు అధిపతిగాను ఉన్న ఎడ్వర్డ్ లారీ "నాడి చూడనక్కరలేదు, ఊపిరి కనిపెట్టి ఉంటే చాలు" అనే పక్షంవాడు. దీనిని తేల్చడానికి 1888లో ఒకసారి, 1889లో మరొకసారి హైదరాబాదు క్లోరోఫారము కమిషన్లు ఏర్పడ్డాయి. ఖర్చు నిజాము మహబూబ్ అలీఖాను ప్రభుత్వం భరించినది. లండను నుండి ప్రఖ్యాత వైద్యపత్రిక లాన్సెట్ పక్షాన లాడర్ బ్రంటన్ స్వయంగా హైదరాబాదు వచ్చాడు. వందలకొద్దీ కుక్కలమీద, కోతులమీద పరీక్షలు జరిపారు. ఈ పనిలో పాల్గొన్న వైద్యవిద్యార్థిని రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో మొదటి మహిళా మత్తువైద్యురాలుగా చెప్పుకుంటారు.

కమిషను లారీ మాటే నిజమని తేల్చినది. కాని ఆ తీర్పు నిలువలేదు. 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లీవీ అనే ఆయన, మత్తు చాలీచాలనప్పుడు క్లోరోఫారము గుండెను లయతప్పించి హఠాత్తుగా ఆపివేయగలదని పిల్లుల మీద ప్రయోగాలతో రుజువు చేశాడు. ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న లారీ సలహా మంచిదే, నాడిని చూడనక్కరలేదన్నది మాత్రం పొరపాటు. ఈనాటి మత్తు డాక్టరు రెంటినీ, వాటితోపాటు రక్తపుపోటును, రక్తంలోని ప్రాణవాయువును, విడిచిన గాలిలోని బొగ్గుపులుసు వాయువును నిమిషనిమిషమూ తెరమీద చూస్తూనే ఉంటాడు. క్లోరోఫారము ఆసుపత్రుల నుండి ఏనాడో నిష్క్రమించినది. ఆరోగ్యవంతులలో కేవలం మత్తు కారణంగా ప్రాణం పోవడం ఇప్పుడు సుమారు లక్షకు ఒకటిగా అంచనా వేస్తారు. పూర్తి మత్తు తీసుకుంటే లేవరనే భయం క్లోరోఫారము కాలంనాటిది.

ఇక వెన్నుమత్తు. 1898 ఆగస్టు 16న జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బియర్ అనే శస్త్రవైద్యుడు ఒక కూలీవాని వెన్నులో కొకెయిను ద్రావణాన్ని ఎక్కించి, నొప్పి తెలియకుండా చీలమండకు శస్త్రచికిత్స చేశాడు. తరువాత కొద్దిరోజులకు తనమీదనే ప్రయోగం చేసుకోదలచి సహాయకుడైన హిల్డెబ్రాంట్ చేత సూది వేయించుకున్నాడు. పిచికారీ సూదికి సరిపోక ద్రవం కారిపోయి ఆ ప్రయత్నం చెడినది. అప్పుడు పాత్రలు మారినవి. బియర్ హిల్డెబ్రాంటుకు సూది వేసి, అతని ముంగాలి మీద సుత్తితో కొట్టాడు, చుట్టతో కాల్చాడు. అతనికి ఏమీ తెలియలేదు. ఆ రాత్రి ఇద్దరూ సంతోషంగా ద్రాక్షసారాయి తాగి పడుకున్నారు. తెల్లవారి హిల్డెబ్రాంటుకు వాంతులు, తలనొప్పి. బియర్‌కు లేచి కూర్చుంటే తల పగిలిపోయే నొప్పి, పడుకుంటే హాయి. చాలా రోజులు ఆయన పక్కమీదనే గడిపాడు. వెన్నుమత్తు చేసే మేలూ, తెచ్చే చిక్కూ రెండూ ఆ పదిరోజుల్లోనే లోకానికి వెల్లడి అయినాయన్నమాట.

ఆ తలనొప్పికి కారణం తేలికగా ఊహించవచ్చు. మెదడూ వెన్నుపామూ ఒక పలుచని ద్రవంలో తేలుతూ ఉంటాయి. దాని చుట్టూ ఉన్న పొరకు సూది చేసిన రంధ్రం పూడకపోతే ద్రవం ఊరుతూ పోతుంది. మనిషి లేచి కూర్చోగానే మెదడు కొద్దిగా కిందికి జారి దాని పొరలు లాగబడతాయి. బియర్ నాటి సూదులు లావైనవి. ఇప్పటి సూదులు వెంట్రుకలంత కాకపోయినా చాలా సన్ననివి. పైగా వాటి కొస కోసుకుపోయేటట్లుగాక, చెక్కిన పెన్సిలు మొనలాగా పొర దారాలను పక్కకు ఒత్తి దూరుతుంది. ఇటువంటి సూదితో ఆ తలనొప్పి నూటికి ఒకరిద్దరికి మించి రాదు. వచ్చినా మందులతో, విశ్రాంతితో చాలామందికి తగ్గుతుంది. తగ్గనివారికి వారి రక్తమే కొంత తీసి ఆ రంధ్రమున్న చోట పైపొర వెలుపల ఎక్కిస్తారు. అది గడ్డకట్టి అతుకు వేస్తుంది.

"నడుం పోద్దంట" అన్నవానికి చెప్పవలసినది ఇదీ. పెద్దవారిలో వెన్నుపాము నడుములోని మొదటి రెండవ వెన్నుపూసల దగ్గరే ముగిసిపోతుంది. అక్కడినుండి కిందికి నాడులు గుర్రపు తోక వెంట్రుకల్లాగా విడివిడిగా ద్రవంలో వేలాడుతూ ఉంటాయి. సూది వేసేది అంతకు దిగువన, సాధారణంగా మూడు నాలుగు పూసల సందున. సూది తగిలినా నాడి పక్కకు తొలగిపోతుంది గాని, తెగదు. బ్రిటనులో ఇటువంటి సూదులు ఏడు లక్షలకు పైగా లెక్కలోకి తీసుకొని 2009లో ప్రకటించిన విచారణలో, శాశ్వతమైన హాని లక్షకు అయిదుగురి లోపే అని తేలినది. సూది వేసిన చోట నాలుగు రోజులు సలుపు ఉండవచ్చు. నెలల తరబడి నడుమునొప్పి వచ్చేవారు మాత్రం పూర్తి మత్తు తీసుకున్నవారిలోనూ అంతేమంది ఉంటారు. కఠినమైన బల్లమీద కదలకుండా గంటలకొద్దీ పడుకోవడమే అందుకు చాలా వరకు కారణం. కాయల గంప ఎత్తడానికి ఆ సూది అడ్డు రాదు.

ఈ విధానంలో భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన విషయం ఒకటి ఉన్నది. ఈనాడు వాడే బుపివకెయిను అనే మందులో 8 శాతం గ్లూకోజు కలుపుతారు. అందుచేత అది వెన్నుద్రవం కన్నా సుమారు 2 శాతం సాంద్రమై ఉంటుంది. రెండు మూడు మిల్లీలీటర్ల మందు ఎక్కించి, బల్లను తలవైపు కొద్దిగా వంచితే, నీటిలో వేసిన పాకంలాగా మందు పల్లానికి, అంటే పైనాడుల వైపు పారుతుంది. కాళ్ళవైపు వంచితే కిందనే ఆగుతుంది. పదిపదిహేను నిమిషాలలో మందు నాడులకు అంటుకొని నిలకడ చెందుతుంది, ఆ లోపలే అది ఎంతదాకా ఎక్కవలెనో వైద్యుడు నిర్ణయించుకోవాలి. స్పిరిటులో తడిపిన దూదిని ఒంటికి తగిలిస్తూ పోతే చల్లదనం తెలియని చోటు ఎక్కడిదాకా ఉన్నదో రోగే చెబుతాడు. మూత్రనాళం అడుగు భాగాన ఇరుక్కున్న రాయికి బొడ్డుదాకా మొద్దుబారితే చాలు. వీపులో రంధ్రం చేసి మూత్రపిండాన్ని తాకాలంటే రొమ్ముఎముక కింది కొస వరకు రావాలి.

ఇక్కడనే చిక్కు. వెన్నునుండి బయలుదేరే నాడులలో నొప్పి తెలిపేవే గాక రక్తనాళాలను బిగించి ఉంచేవి కూడా ఉన్నాయి. మత్తు పైకి ఎక్కినకొద్దీ అవి కూడా నిద్రపోతాయి. రక్తనాళాలు వదులై రక్తపుపోటు పడిపోతుంది. ఇంకా పైకిపోతే గుండెను వేగపరచే నాడులు కూడా దెబ్బతిని నాడి మందగిస్తుంది. నిండుగా నీరున్న శరీరం దీనిని తట్టుకుంటుంది. వారంరోజులు ఎండలో కాయలు కోసి, వాంతులు చేసుకుంటూ వచ్చిన మనిషి ఒంటిలో నీరే తక్కువ. అతనికి ముందుగా సెలైను ఎక్కించక, పోటు నిలిపే మందు చేతిలో సిద్ధంగా పెట్టుకోక వెన్నులో సూది వేయడం తొందరపాటు. రాయి అడ్డుపడి, పైన నిలిచిన మూత్రంలో చీము పట్టి, చలిజ్వరంతో వచ్చినవాని సంగతి మరీ వేరు. సూక్ష్మజీవులు రక్తంలో చేరి ఉంటే పోటు ముందే పడిపోయి ఉంటుంది. అటువంటప్పుడు రాయి జోలికే పోరు. చిన్న గొట్టం పెట్టి మూత్రానికి దారి చేసి, జ్వరం తగ్గిన కొన్ని వారాలకు రాయి సంగతి చూస్తారు. ఈ స్థితిలో ఆలస్యం చేసి ఇంటివద్ద కషాయాలు తాగుతూ కూర్చోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

పూర్తి మత్తులో నిద్రమందు నరంలోకి ఎక్కిస్తారు, కండరాలను సడలించే మందు ఇస్తారు, గొంతులోనుంచి శ్వాసనాళంలోకి గొట్టం దింపి యంత్రంతో ఊపిరి ఆడిస్తారు. శస్త్రవైద్యునికి దీనివల్ల ఒక సౌకర్యం ఉన్నది. మూత్రపిండం ఊపిరితో పాటు రెండు మూడు సెంటీమీటర్లు కిందికీ పైకీ కదులుతూ ఉంటుంది. కదిలే రాయిమీద లేజరు గురిపెట్టడం, ఊగే కొమ్మన ఉన్న కాయను చిక్కంతో అందుకోవడం లాంటిది. యంత్రం చేతిలో ఉంటే మత్తు డాక్టరు ఊపిరిని చిన్నది చేయగలడు, అవసరమైతే కొన్ని క్షణాలు ఆపగలడు. వీపులోనుంచి చేసే శస్త్రచికిత్సలో రోగి బోర్లా పడుకోవలసి ఉంటుంది. మెలకువగా రెండు గంటలు బోర్లా కదలకుండా ఉండడం అందరికీ సాధ్యం కాదు. వెన్నుమత్తు రెండు మూడు గంటలకు మించి పనిచేయదు. రాయి పెద్దదై, కొమ్మలు కొమ్మలుగా మూత్రపిండమంతా అల్లుకొని ఉంటే పని మధ్యలో మత్తు దిగిపోవచ్చు. బోర్లా ఉన్నవానికి అప్పుడు గొంతులో గొట్టం వేయడం ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

మరోవైపు, పొగతాగి ఊపిరితిత్తులు చెడినవారికి, ఉబ్బసం ఉన్నవారికి గొంతులో గొట్టమే ఒక బాధ. వారికి వెన్నుమత్తు మేలు. శస్త్రచికిత్స ముగిసిన తరువాత కొన్ని గంటలు నొప్పి తెలియకపోవడం, వాంతులు తక్కువగా ఉండడం, గొంతునొప్పి లేకపోవడం కూడా దాని లాభాలే. రాయి పూర్తిగా తొలగిందా లేదా అని చూస్తే, రెండు పద్ధతులనూ పోల్చిన పరిశోధనలలో ఫలితం దాదాపు సమానంగానే ఉన్నది. అంటే ఎన్నిక రాయి కోసం కాదు, మనిషి కోసం. రక్తం పలుచబడే మందులు వాడేవారికి, రక్తం సరిగా గడ్డకట్టనివారికి, నడుముమీద పుండు ఉన్నవారికి, గుండె కవాటం బాగా ఇరుకైనవారికి వెన్నులో సూది వేయరు. వద్దు అని రోగి స్పష్టంగా చెప్పినా వేయరాదు. ఈ చివరి నియమాన్ని కొన్నిచోట్ల మరచిపోతారు. ఏ మత్తో నిర్ణయించిన పిమ్మట రోగికి తెలిపితే చాలదు, నిర్ణయించేముందే అతన్ని అడగవలసి ఉన్నది.

నూజివీడుకు సమీపానగల ఎ. కొండూరు మండలపు తండాలలో చాలామందికి మూత్రపిండాలు క్రమంగా చెడిపోయే జబ్బు ఉన్నది. అది రాళ్ళ జబ్బు కాదు, రెంటినీ కలిపి చెప్పుకోవడం పొరపాటు. కాని అటువంటి ఊరినుండి రాయితో వచ్చిన మనిషికి మత్తు ఇచ్చేముందు రక్తంలో క్రియాటినిను ఎంతో చూడడం మరింత అవసరం. కండరాలను సడలించే మందులు కొన్ని మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి. అవి పనిచేయకపోతే మందు ఒంటిలోనే నిలిచి ఊపిరి తిరిగి రావడం ఆలస్యమవుతుంది. అట్రాక్యూరియం అనే మందుకు ఆ ఇబ్బంది లేదు. శరీరపు వేడికీ, రక్తపు స్వల్ప క్షారత్వానికీ అది తనంత తానే విడిపోతుంది. రసాయనశాస్త్రం ఇంత సూటిగా ప్రాణాన్ని కాపాడే సందర్భాలు అరుదు.

ఏ మత్తు తీసుకున్నా కడుపు ఖాళీగా ఉండాలి. నిద్రలో గొంతు కాపలా వదిలేస్తుంది కాబట్టి కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రమాదం. వెన్నుమత్తు మధ్యలో పూర్తి మత్తుకు మారవలసి రావచ్చు గనుక అక్కడా ఇదే నియమం. అన్నం, పాలు ఆరు గంటలముందే మానాలి, మంచినీరు రెండు గంటల ముందు వరకు తాగవచ్చు. ఈ ప్రాంతంలో ఒక పొరపాటు జరగడానికి వీలున్నది. చిన్నరసం పండును పిండి తాగేది రసమే గదా అని ఉదయాన్నే ఒకటి రెండు పళ్ళు పిండుకొని తాగి ఆసుపత్రికి బయలుదేరేవారు ఉంటారు. గుజ్జు ఉన్న రసం నీటి లెక్కలోకి రాదు, అన్నం లెక్కలోకే వస్తుంది. తాగిన సంగతి దాచకుండా చెబితే శస్త్రచికిత్స కొన్ని గంటలు వాయిదా పడుతుంది, అంతే.

మూత్రనాళం అడుగున చిన్న రాయి ఉండి, ఊపిరితిత్తులూ గుండే బాగా ఉన్న కాయలు కోసే కూలీకి రెండు మత్తులూ సరిపోతాయి. ముప్పావుగంట పనికి వెన్నుమత్తునే చాలామంది వైద్యులు సూచిస్తారు. సూది పడ్డ రెండు మూడు నిమిషాలకే కాళ్ళు వెచ్చబడతాయి, తరువాత బరువెక్కుతాయి. వైద్యులు మాట్లాడుకునేది, పాత్రల చప్పుడు అతనికి వినబడుతూనే ఉంటాయి. అది భయమనిపిస్తే కునుకు పట్టే మందు కొద్దిగా ఇస్తారు. పని అయినాక మత్తు పైనుండి కిందికి దిగుతుంది. ముందు పొట్టకు స్పర్శ తెలుస్తుంది, తరువాత తొడలు, ఆ తరువాత పిక్కలు. రెండు మూడు గంటలు గడిచేసరికి, దుప్పటి కింద కాలి వేళ్ళు ఆడించి చూసుకొంటాడు.